రాణివేషము

ఎల్.బీ. నగర్ కూడలి యొద్ద, నగరమును వెనుకకు విడిచి నిలిచినవానికి రెండు పెద్ద బాటలు ఎదురగును. ఒకటి హయత్ నగర్ మీదుగా విజయవాడకు పోవునది. రెండవది బీ.ఎన్. రెడ్డి నగర్, ఇంజాపూర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నముల మీదుగా నాగార్జునసాగరము చేరి, కృష్ణను దాటి మాచర్ల వైపు సాగునది. ఈ బాటల వెంబడి నిత్యము పోవు జనసమ్మర్దములో ఎందరికి తోచునో ఎరుగను గాని, నాకు మాత్రము ఇవి రెండును ముగ్గురు స్త్రీల బాటలుగనే కనబడుచుండును. మొదటి బాటలో పొలిమేర దాటకమునుపే వచ్చు హయత్ నగర్, గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కూతురును, మహమ్మద్ కుతుబ్ షాకు భార్యయు, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లియునైన హయత్ బక్షీ బేగము పేరు మోయుచున్న ఊరు. ఆ బాటనే పోగా పోగా నకిరేకల్ ప్రాంతమున చందుపట్ల యను గ్రామము కలదు; కాకతి రుద్రమదేవి శివసాయుజ్యము పొందినట్లు 1289వ సంవత్సరము నవంబరు 27వ తేదీన వ్రాయించిన శాసనము అక్కడనే దొరకినది. ఇక రెండవ బాట చివర పల్నాడు. గురజాల కొలువులో నలగామరాజునకు మంత్రిణియై రాజ్యము నడపిన నాయకురాలు నాగమ్మ కథ అక్కడిది. ఈ రెండవ బాట మీదనే, తుర్కయంజాల్ పక్కన, మాసాబ్ చెరువు ఉన్నది. నగరము నడుమనున్న మాసాబ్ ట్యాంకు పేరు ‘మా సాహెబా’ యను గౌరవనామమునుండి వచ్చినదని చెప్పుదురు. హయత్ బక్షీ బేగమును ప్రజలు పిలిచిన పేరు అదియే. పల్లె చెరువున కూడ అదే పేరు వినబడుట చూడగా, ఆ తల్లి నీడ రెండు బాటల మీదను పడినదని నమ్మబుద్ధి యగుచున్నది.

ఈ స్త్రీలను మన జనము ఎట్లు తెలిసికొన్నారు? శాసనము చదువగలవారు ఎన్నడును కొందరే. పారసీ తవారీఖులు చదివినవారు అంతకన్నను కొందరు. పొలము పని ముగించుకొని, గొంగడి కప్పుకొని, పిల్లలను ఒడిలో వేసికొని, తెల్లవారుదాక మేలుకొని కూర్చున్నవారికి గతకాలపు స్త్రీ యొకతె కనబడినదనిన, అది దివిటీల వెలుగునను, తరువాత పెట్రోమాక్సు వెలుగునను, ఎవరో ఒకరు ఆమె వేషము కట్టి ఎదుట నిలుచుటవలననే. ఆ నిలిచినవారు బహుకాలము పురుషులు. ఈ విషయమును సిగ్గుపడి దాచుకొనువారును, వింతగా చెప్పుకొని నవ్వువారును కలరు. రెండును తగవని నా అభిప్రాయము. మన చరిత్రలోని స్త్రీమూర్తులను తమ శరీరముల మీద మోసికొని ఊరూర తిరిగిన ఆ నటులకు మనము పడిన ఋణము పెద్దది. ఆ ఋణమును ఒప్పుకొనుచునే, వారి వలన జరిగినదేమి, జరుగక మిగిలినదేమి అని విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తుర్కయంజాల్ ఈనాడు ప్లాట్లుగను, అపార్టుమెంట్లుగను విరిసి నగరములో కలిసిపోయినది గాని, ఈ ప్రాంతపు పల్లెలలో చిరుతల రామాయణము ఆడిన కాలము పెద్దలకు మరపునకు రాలేదు. చేత చిరుతలు పట్టి, గుండ్రముగా అడుగులు వేయుచు, ఊరివారే ఊరివారి కొరకు ఆడుకొను ఆట అది. పాటలు వచ్చిన గురువు నొకనిని పిలిపించి, కొన్ని మాసములు రాత్రివేళల నేర్చుకొని, పిదప ఆడుదురు. సీత వేషము ఊరిలో సన్నని గొంతు గల ఒక పడుచువానికి దక్కును. వాడు మీసము తీసివేయవలెను. కుచ్చెళ్ళు పట్టుట ఇంటిలోని ఆడువారి యొద్దనే నేర్చుకొనవలెను. ఆట నాటి రాత్రి తల్లి నగలే వాని మెడలోనికి వచ్చును. మరునాడు వాడు నాగలి పట్టి పోవుచుండగా ముసలమ్మలు వానిని చూచి నిజముగనే దండము పెట్టుదురు. ఆ దండము వానికి కాదు, వాని మీదికి ఒక రాత్రి వచ్చి పోయిన సీతమ్మకు. స్త్రీవేషమును గూర్చి మన జనమునకు గల అసలైన భావము ఆ దండములోనే ఉన్నదని నాకు తోచును.

తెలంగాణలో దీనికి పక్కగా మరియొక సంప్రదాయము నడిచినది. చిందు భాగవతులు కుటుంబములతో గూడ ఊర్లు తిరుగువారు. వారిలో ఆడువారును గజ్జె కట్టి ఆడినారు. ముఖమునకు అర్దళము పూసికొని, పొనికి కర్రతో చేసిన తేలికైన కిరీటములును భుజకీర్తులును ధరించి, దుమ్ములేచు వీధిలో వారు చేసిన అభినయమునకు ఏ సమాజపు అనుమతియు అక్కరలేకపోయినది. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఆ కులవిద్యను వార్ధక్యము వరకు విడువక, రాజధాని నగరముల వేదికల దాక తెచ్చినది. చదువుకొన్నవారి రంగస్థలము స్త్రీకి తలుపు మూసిన కాలమున, చదువురాని వీధి ఆమెకు తావిచ్చినదన్న మాట మరువరానిది.

కూచిపూడి మార్గము వేరు. కృష్ణాతీరమందలి ఆ అగ్రహారమును గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతుల ఆట చూచి మెచ్చి వారికి దానమిచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. కనుక మన భాగ్యనగరమునకును స్త్రీవేషమునకును చుట్టరికము మూడువందల ఏండ్ల పైబడినదే. అక్కడ పూర్వము బ్రాహ్మణ కుటుంబముల మగవారే ఆడవలసియుండెను. సిద్ధేంద్రయోగి రచనయని ప్రసిద్ధి కెక్కిన భామాకలాపములో సత్యభామ పాత్ర ఆ కుటుంబముల బాలురకు పరీక్ష వంటిది. ఇద్దరు తెర పట్టుకొని నిలువగా, తెర మీదుగా భామ జడ వెలుపలికి వచ్చి పడును. ఆ జడ సభలోని విద్వాంసులకు విసరిన సవాలని పెద్దలు వ్యాఖ్యానింతురు. పిదప ప్రవేశదరువు. పాత్ర తానెవరో తన పాటతోనే చెప్పుకొనును. ఇందలి శిల్పము గమనింపదగినది: నటుడు స్త్రీనని నమ్మింపజూచుటకు ముందే, ‘నేను ఫలానిదానను’ అని సభతో ఒప్పందము చేసికొనును. ఆ ఒప్పందము కుదిరిన పిదప వేషధారి మగవాడన్న సంగతి ఎవరికిని గుర్తుండదు. మన కాలమున ఈ విద్యకు శిఖరమై నిలిచిన వేదాంతం సత్యనారాయణశర్మ 1970లో పద్మశ్రీ నందుకొనెను. 2012లో ఆయన కన్నుమూసిన నాడు పత్రికలు కొనియాడినది ఆయన నొక పురుషునిగా కాదు, సత్యభామగా.

అయినను సత్యభామ పురాణస్త్రీ. నడచిన నేల తెలిసిన స్త్రీని, జనము తమ ఊరిదని చెప్పుకొను స్త్రీని అభినయించుట మరియొక బాధ్యత. ఆ బాధ్యతను మనలో మొదట మోసినవారు వేషము కట్టినవారు కారు, కథ చెప్పినవారు. పల్నాట కారెంపూడిలో కార్తికమాసపు అమావాస్యతో మొదలై ఐదు దినములు జరుగు వీరుల ఉత్సవములో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని దినమున కొక ఘట్టము నడచును. వీరవిద్యవంతులు కత్తి పట్టి వీరగాథను గానము చేయుదురు. బ్రహ్మనాయుని మాటయు, నాగమ్మ మాటయు ఆ గొంతులోనే పలుకును. చీర లేదు, సవరము లేదు. ఉన్నదల్లా కంఠము మారుట ఒక్కటే. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఒక స్త్రీ రాజనీతి ఆ కంఠములలోనే దాగి మన దాక వచ్చినది. ఆమె పుట్టినది కరీంనగరు ప్రాంతపు ఆరవెల్లియని జనశ్రుతి. తెలంగాణ ఆడుబిడ్డ పల్నాటికి పోయి మంత్రిణి యగుట ఈ సాగరు బాటకు కథగా చాలును.

బుర్రకథ ఈ విద్యను మరింత పదును పెట్టినది. కథకుడు భుజమున తంబుర, వ్రేలికి అందెలు ధరించి నడుమ నిలుచును. ఇరువైపుల వంతలు డక్కీలు వాయించుదురు, అందొకడు హాస్యము చెప్పును, ఒకడు రాజకీయము. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులకును విజయనగరము సేనలకును ఎదురొడ్డి బొబ్బిలి కోట కూలిన గాథలో రాణి మల్లమ్మదేవి ఘట్టము వచ్చినప్పుడు కథకుడు ఒక్క అడుగు వెనుకకు వేసి, తలపాగ యట్లే ఉండగా, చూపు దించి గొంతు తగ్గించును. అంతవరకు గంతులు వేసిన మనిషి ఆ క్షణమున రాణి యగును. మరుక్షణము తాండ్ర పాపారాయుడై మీసము దువ్వును. వేషము లేక వేషము కట్టుట ఇది. ఇంతకు మించిన నటన ఉన్నదని నేననుకొనను. ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడిన పిదప ఈ తంబుర స్త్రీల చేతికి కూడ వచ్చినది. మోటూరి ఉదయం మొదలగు యువతులు దళము కట్టి వేలజనము నడుమ బుర్రకథ చెప్పిరి. మగవాని గొంతులో బహుకాలము పలికిన రాణుల మాటలు ఆడుదాని గొంతులో పలుకుట తెలుగు పల్లెలు అప్పుడు వినినవి.

ఇక ఆధునిక రంగస్థలము. 1880వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరములో విద్యార్థులచేత నాటకములాడించుట మొదలు, ధార్వాడ నాటక సమాజమువారి ప్రదర్శనములు చూచి ఉత్సాహము పొందిన మనవారు ఊరూర సమాజములు స్థాపించుట వరకు జరిగిన కథ సుపరిచితమే. ఆ సమాజములన్నిటను స్త్రీపాత్రలు మగవారివే. న్యాయవాదులు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు, కళాశాల విద్యార్థులు చీరలు కట్టిరి. ఆంధ్రరాష్ట్రమునకు 1953లో తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులు సయితము చిన్ననాట స్త్రీవేషములు ధరించినవాడే. దీనికి కారణముగా స్త్రీలు నాటకములలోనికి రాలేదని సులభముగా చెప్పుదురు. రాలేదనుట సగము నిజము; రానీయలేదనుట మిగిలిన సగము. ఆట, పాట, అభినయము తరతరములుగా అభ్యసించిన భోగము స్త్రీలు ఆనాడు మన మధ్యనే ఉండిరి. భోగముమేళములను నిరసించిన సంస్కర్తల ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని ఆ ఉద్యమపు వేడిలో, దురాచారముతో పాటు విద్యయు, విద్యతో పాటు విద్యావంతురాలును వెలివేయబడినారు. గౌరవనీయమైన నాటకశాలలోనికి ఆ స్త్రీ రాకూడదు, గృహిణియు రాకూడదు, కాని శకుంతలయు చంద్రమతియు లేక నాటకము సాగదు. ఆ ఖాళీలో నిలువవలసివచ్చినవాడు మగనటుడు. ఇట్లు ఒక అన్యాయమునుండి ఒక అద్భుతమైన కళ పుట్టుట మన నాటకచరిత్రలోని విషాదమును, విశేషమును.

ఆ కళకు పరిపూర్ణమైన ఆకారము స్థానం నరసింహారావు. 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో హనుమంతరావు, ఆదెమ్మ దంపతులకు జన్మించిన ఈయన, తండ్రి చనిపోగా కుటుంబభారము చిన్ననాటనే నెత్తిన పడినవాడు. 1920 ప్రాంతమున బాపట్లలో హరిశ్చంద్ర నాటకమాడవలసిన రాత్రి చంద్రమతి పాత్రధారి రాకపోగా, ఆ వేషమునకు తానున్నానని ముందునకు వచ్చినది ఈ యువకుడే. ఒకరి గైర్హాజరు వలన తెలుగు నాటకమునకు కలిగిన లాభము ఇంత అంత యనరానిది. అనంతరము తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి, సుమారు నాలుగు దశాబ్దముల కాలము సత్యభామగను, శకుంతలగను, దేవదేవిగను, చింతామణిగను, మధురవాణిగను, రోషనారగను తెలుగునాట ఆయన పొందిన ఆదరము ఏ నటునకును తీసిపోనిది. 1938లో రంగూనులోని ఆంధ్రులు బంగారు కిరీటముతో సత్కరించిరి. 1956లో భారతప్రభుత్వము పద్మశ్రీ నొసగెను.

ఆయన గొప్పతనము చీర కట్టులో ఉన్నదని అనువారు కలరు. సంపన్నగృహముల స్త్రీలు ఆయన కట్టును, నడకను, ముడిని చూచి నేర్చుకొనిరనుట అంతట వినవచ్చిన మాటయే. కాని చీర కట్టుట నేర్చిన మగవారు ఆనాడు ఊరికి పదిమంది యుండిరి. స్థానము చేసిన పని వేరు. ఆయనకు ‘స్త్రీ’ యను సామాన్యపాత్ర లేదు, స్త్రీలు ఉండిరి. గర్వము సహజాభరణమైన సత్యభామ తల తిప్పు తీరు ఒకటి. వేశ్యావాటికలో పుట్టి వైరాగ్యమునకు చేరు చింతామణి కనులు వాల్చు తీరు వేరొకటి. లోకము నెరిగిన మధురవాణి నవ్వు మరియొకటి. ఆశ్రమములో పెరిగిన శకుంతల అడుగునకును, అంతఃపురములో పెరిగిన రోషనార అడుగునకును నడుమ నున్న దూరమును ఆయన పాదములు ఎరుగును. సామాన్యుడైన వేషధారి గొంతు సన్నము చేసి, నడుము త్రిప్పి, కొంగు సవరించి ఇదియే స్త్రీత్వమనుకొనును. అట్టి వేషము నవ్వు పుట్టించును గాని నమ్మకము పుట్టింపదు. స్థానము మొదట ఆ స్త్రీ ఏ ఇంట పుట్టినది, ఎవరిముందు తలవంచినది, ఎవరిముందు వంచలేదు అన్నది నిర్ణయించుకొన్నట్లు ఆయన పాత్రలను బట్టి తెలియును. కొంగు తరువాత వచ్చును. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభారములో సత్యభామ పాడు ప్రసిద్ధమైన పాటను స్థానమే వ్రాసికొనుట కూడ ఈ దృష్టితో చూడవలెను. ఒక మగవాడు సత్యభామ మనసులో కూర్చుండి వ్రాసిన ఆ పాటను, 1966 నాటి చలనచిత్రములో జమున అభినయింపగా సుశీల పాడినది. ఇల్లిల్లాళ్ళు అది తమ పాటయే యన్నట్లు పాడుకొనిరి. తన అనుభవములను ఆయన ‘నటస్థానం’ అను పేర వ్రాసి యుంచెను. 1971 ఫిబ్రవరి 21వ తేదీన పరమపదించెను.

రోషనారను గూర్చి కొంత ఆగి చెప్పవలసియున్నది. కొప్పరపు సుబ్బారావు రచించిన ఆ నాటకములోని రోషనార మన రంగస్థలము మీద అత్యంత ప్రసిద్ధి కెక్కిన చారిత్రక స్త్రీపాత్ర యని చెప్పవచ్చును. షాజహాను కూతురును, ఔరంగజేబునకు అక్కయునైన ఆ రాజకుమారి 1617లో పుట్టి 1671లో గతించినది. ఢిల్లీలో ఆమె వేయించిన తోటలోనే ఆమె సమాధి. సింహాసనమునకై అన్నదమ్ములు పోరాడిన దినములలో ఔరంగజేబు పక్షము వహించిన రాజకీయచతుర ఆమె. నాటకములోని రోషనార ప్రణయనాయిక. ఈ రెంటికిని గల అంతరము కేవలము కవికల్పన అని విడువరాదు. మగవారు వ్రాసి, మగవారు వేసి, ఎక్కువగా మగవారు చూచిన ఆ రంగస్థలమునకు చరిత్రలోని స్త్రీ ప్రేమించుచున్నప్పుడు కనబడినంత స్పష్టముగా పాలించుచున్నప్పుడు కనబడలేదు. స్థానము కనులు రోషనారకు రాజసము నిచ్చినవి. రాజ్యకార్యము నిచ్చుట నాటకము చేతిలోని పని, అది జరుగలేదు.

ఈ పద్ధతి మనకే ప్రత్యేకమనుకొనుట పొరపాటు. ఇంగ్లండులో 1660 వరకు రాణుల పాత్రలు గొంతు మారని బాలురవే. షేక్స్పియరు క్లియోపాత్రాను మొదట అభినయించినదియు బాలుడే. జపానులో స్త్రీయే ప్రారంభించిన కబుకి నాట్యమునుండి 1629లో స్త్రీలను నిషేధించిరి. పిదప శతాబ్దముల పాటు మగవారే స్త్రీలైరి. మహారాష్ట్రమున బాలగంధర్వునకు లభించిన ఆరాధనము మనవారు ఎరిగినదే. చీనా దేశపు మెయ్ లాన్‌ఫాంగ్ టాంగ్ వంశపు రాణి యాంగ్ గుయ్‌ఫెయి వేషమున లోకప్రసిద్ధుడు. జపాను సైన్యము దేశము నాక్రమించిన సంవత్సరములలో వారి యెదుట ఆడనని ఆయన చేసిన ప్రతిజ్ఞకు గుర్తుగా మీసము పెంచెను. జీవితమంతయు మీసము తీసి రాణియైన మనిషి, దేశము కొరకు మీసము పెంచి మౌనియగుట! కళలో ఆయన స్త్రీత్వమును ఎంత పవిత్రముగా చూచుకొనెనో ఆ మీసము చెప్పుచున్నది. మన చిరుతల రామాయణపు సీత మీసము తీయుటయు, మెయ్ లాన్‌ఫాంగ్ మీసము పెంచుటయు ఒకే భక్తికి రెండు రూపములు.

మన దేశమున స్త్రీపాత్ర స్త్రీయే ధరింపవలెనని గట్టిగా వాదించినవారిలో బళ్ళారి రాఘవ అగ్రగణ్యుడు. 1880లో జన్మించి 1946లో కీర్తిశేషుడైన ఈ న్యాయవాది, తాను ఎంత మేటినటుడో అంత నిర్భయుడు. విద్యావతులైన స్త్రీలను ఒప్పించి రంగమునకు తెచ్చెను; కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలసి నటించి ఎన్నో నిందలకు ఓర్చినది. దీనికి చాల ముందే 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ నాటకముతో ప్రారంభించిన సురభి కుటుంబమువారు తమ ఇంటి స్త్రీలను రంగమెక్కించుటను వాదముగా కాక, బ్రతుకుగా స్వీకరించిరి. తల్లి ద్రౌపది, కూతురు ఉత్తర, ఉయ్యాల తెరచాటున. నేడును నగరమునకు పడమట లింగంపల్లిలో ఆ కుటుంబములు నివసించుచున్నవి. ఏలూరి కన్నాంబ రంగస్థలమున పేరు గడించి చిత్రసీమకు పోయి, 1947 నాటి పల్నాటియుద్ధములో నాగమ్మగా నిలిచినప్పుడు, ఒక స్త్రీ మరియొక స్త్రీ రాజనీతిని తన కంఠముతో పలుకుట ఎట్లుండునో తెలుగువారు తెరమీద కన్నులార చూచిరి. నాగమ్మను కలహకారిణిగా చిత్రించు వాడుక బలముగా నున్న దేశమున, ‘మాలపల్లి’ వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ తన నాటకమునకు ‘నాయకురాలు’ అని ఆమె బిరుదునే పేరుగా పెట్టుట కూడ ఇక్కడ స్మరింపదగినది.

రుద్రమదేవి విషయమున ఒక విచిత్రము కలదు. దానిని తలచినప్పుడెల్లను నాకు ఈ చరిత్ర అంతయు తలక్రిందులైనట్లు తోచును. మన నాటకశాలలో మగవారు రాణులైరి. ఓరుగల్లు కొలువులో రాణి మగవాడైనది. పుత్రసంతానము లేని గణపతిదేవుడు కూతురునకు రుద్రదేవుడని పేరిడి, పురుషవేషమున పెంచి, రాజ్యమునకు అర్హురాలిని చేసెను. 1262 మొదలు 1289 వరకు ఆమె పాలించినది. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. రాయగజకేసరి యను బిరుదము వహించినది. సామంతులు తిరుగబడినప్పుడు వృద్ధాప్యమున సయితము కదనమునకు కదలినది. ఆ కాలపు సింహాసనమను రంగస్థలము స్త్రీని స్త్రీగా ఒప్పుకొనలేదు గనుక, ఆమె జీవితమంతయు ఒక వేషము ధరింపవలసివచ్చినది; ఆ వేషమును ఒక్కరాత్రికి కాదు, ఏండ్ల తరబడి, శత్రువుల కనులయెదుట నిలుపుకొన్నది. ఇంతకు మించిన నటి ఏ దేశమున పుట్టినది? మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఆమె న్యాయపాలనమును మెచ్చుకొనెను. అయినను కాకతీయులను గూర్చి మన రంగస్థలమునకు దక్కిన తొలి మహానాటకము, వేదము వేంకటరాయశాస్త్రిగారి 1897 నాటి ప్రతాపరుద్రీయము, మనుమనిది. దానికి ప్రాణము మంత్రి యుగంధరుడు. అవ్వ వేచియుండవలసివచ్చినది. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికామండలి స్థాపించి చరిత్రగ్రంథములు వెలువరించిన తరువాతను, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వచ్చిన తరువాతను రుద్రమ పేరు చదువరుల నోట నానినది. నోరి నరసింహశాస్త్రి నవల ఆమెను ఇంటింటికి చేర్చినది. ఆమె వేషము కట్టునది నేడు సామాన్యముగా బాలికలే. బడి వార్షికోత్సవములలో అట్టకత్తి పట్టిన చిన్నపిల్ల, తాను స్త్రీగా పుట్టి, పురుషవేషము ధరించిన స్త్రీ వేషము ధరించి నిలుచును. ఆ పిల్లకు మనము కత్తి ఇచ్చుచున్నాము గాని, సభలో కూర్చుండి తీర్పు చెప్పు నాలుగు మాటలు ఇచ్చుట లేదు. రుద్రమ గొప్ప గుర్రమెక్కుటలో మాత్రమే లేదు.

చివరకు హయత్ బక్షీ బేగము. 1656లో దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు గోలకొండ మీదికి వచ్చెను. అతని పెద్దకుమారుడు మహమ్మద్ సుల్తాను హైదరాబాదు నగరము చొచ్చి కొల్లగొట్టగా, అబ్దుల్లా కుతుబ్ షా కోటలో చిక్కుకొనెను. అప్పుడు ముదిమి వయసున నున్న ఆ రాజమాత స్వయముగా ఔరంగజేబు శిబిరమునకు పోయి సంధిమాటలాడినది. ధనము చెల్లించుట కొడుకునకు విధి యైనది. మనుమరాలిని మహమ్మద్ సుల్తానున కిచ్చి వివాహము చేయుట షరతులలో నొకటి. షాజహాను ఉత్తరువుతో ముట్టడి తొలగినది. గోలకొండ మరి ముప్పదియేండ్లు బ్రతికినది. ఏ కవి కల్పించినను ఇంతటి ఘట్టము కుదరదు: ఒక డేరా, ఒక వృద్ధురాలు, ఆమె యెదుట భావి పాదుషా, పణముగా నగరము, మనుమరాలు. ఔరంగజేబు అక్కకు తెలుగు రంగస్థలము కిరీటము పెట్టినది. అదే ఔరంగజేబు శిబిరమునకు పోయి నగరమును నిలుపుకొన్న మన తల్లికి అంతటి పీట వేయలేదు. ఆమె 1667లో మరణించి కుతుబ్ షాహీ సమాధుల నడుమ నిద్రించుచున్నది.

ఈ తూర్పుభాగమున, హయత్ నగర్ మొదలు తుర్కయంజాల్ దాక, నాటకాభిమానులైన యువతీయువకులకు కొదువ లేదు. వారికి నా విన్నపమొకటి. రవీంద్రభారతి దొరకునా, దొరకదా అని వేచియుండనక్కరలేదు. బుర్రకథగానైనను సరే, చిందుగానైనను సరే, పద్యనాటకముగానైనను సరే. వేషము కట్టునది స్త్రీయైనను పురుషుడైనను సరే. తెలుగును, దక్కనీ ఉర్దూయు కలిసి పలికినను మంచిదే. ఒక్క నియమము మాత్రము పాటింపుడు: ఆమె ఏ ఇంట పుట్టినది, ఎవరిముందు తలవంచినది, ఎందుకు వంచినది అన్నది మొదట నిర్ణయించుకొని, కొంగు తరువాత సవరించుకొనుడు. మాసాబ్ చెరువు కట్ట పక్కన ఒక వెన్నెలరాత్రి తెర పట్టి, మా సాహెబా వేషము కట్టుడు.